దోషం లేదని చెప్పే హక్కు

నేల మీద కుండ లేదన్న సంగతి మనకు దేనివల్ల తెలుస్తుంది? పసిపిల్లల ప్రశ్నలా వినిపించినా మన దర్శనకారులు దీని మీద కొన్ని వందల ఏళ్ళు వాదించుకున్నారు. ఉన్న కుండ కంటికి ఆనుతుంది, సరే. లేని కుండ దేనికి ఆనుతుంది? ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు దీనికోసమే అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని నిలబెట్టాడు. నైయాయికులు కొత్త ప్రమాణం అక్కర్లేదు, అభావాన్ని కూడా ఇంద్రియమే పట్టుకుంటుందన్నారు. బౌద్ధుడైన ధర్మకీర్తి దాన్ని అనుమాన ప్రమాణంలో కలిపేశాడు. ఇంత పోట్లాటలోనూ ముగ్గురూ ఒక షరతు దగ్గర కలిశారు. కనబడకపోవడం ఒక్కటే చాలదు, ఉండి ఉంటే కనబడి తీరేదై ఉండాలి. వెలుతురు ఉండాలి, కన్ను బాగుండాలి, వస్తువు కంటికి అందే జాతిదై ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనలేం. ఎదురుగా పిశాచం కనబడలేదని పిశాచం లేదనీ అనలేం, ఉన్నా అది కనబడేది కాదు కనుక. ఇలా షరతు కుదిరిన కనబడకపోవడానికే యోగ్యానుపలబ్ధి అని పేరు. ఈ షరతును మన కాలంలో అందరికంటే పట్టుదలగా పాటించినవాళ్ళు చిప్‌లను పరీక్షించే ఇంజనీర్లని నా అభిప్రాయం. అంతేకాదు, శాస్త్రకారులు వదిలేసిన ఒక మెట్టును వాళ్ళు ఎక్కారు. వస్తువుకు ఆ యోగ్యత లేకపోతే దాన్ని కల్పించే బాధ్యత వస్తువును చేసినవాడిదే అన్నారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పై చదువు పూర్తిచేసి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పుచ్చుకుని, 1968లో అక్కడే అధ్యాపకులుగా చేరిన సుధాకర్ ఎం. రెడ్డి గారి పనిని ఇందుకు సాక్ష్యంగా తీసుకుంటాను. ఆయన పత్రాలు లాజిక్ సర్క్యూట్ల గురించినవి. వాటిలో తత్త్వశాస్త్రం వెతకడం నా చాపల్యమే కావచ్చు. కానీ 1972 నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఒక మనిషి పదేపదే అడిగిన ప్రశ్న, 'తప్పు ఉంటే అది బయటపడేలా ఏం చేయాలి' అన్నదైతే, దాన్ని కేవలం ఇంజనీరింగ్ ప్రశ్న అనుకుని పక్కన పెట్టడం కష్టం.

చిప్ పరీక్షలో చిక్కు ఎక్కడుందో కొంచెం వివరంగా చెప్పాలి. డిజైన్ ఒక్కటే అయినా చిప్‌లు ఒక్కొక్కటీ విడిగా పుడతాయి. ఒకే వేఫర్ మీద తయారైన వాటిలో ఒకదాని మీద ధూళికణం పడి రెండు తీగలు అంటుకుంటాయి, ఇంకొకదానిలో తీగ తెగుతుంది, మరొకదానిలో ట్రాన్సిస్టర్ నెమ్మదిస్తుంది. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల కోట్ల ట్రాన్సిస్టర్లున్నా బయటికి వచ్చే పిన్నులు వందలో, వేలో. ఆ పిన్నుల మీదే విలువలు పెట్టాలి, వాటి మీదే జవాబు చదువుకోవాలి. అన్ని విలువలూ పెట్టి చూస్తే పోలేదా అంటే, 32 బిట్ల సంఖ్యలు రెండింటిని కూడే మామూలు సర్క్యూట్‌కు ఇవ్వగల జతలే సుమారు 1.84 లక్షల కోట్ల కోట్లు. సెకనుకు వంద కోట్ల జతలు పరీక్షించుకుంటూ పోయినా 584 ఏళ్ళు పడుతుంది. అదే సర్క్యూట్‌ను బిట్టుకొక గడి చొప్పున వరసగా పేర్చి, తప్పు ఏదో ఒక్క గడిలోనే ఉండి ఆ గడి ఇచ్చే జవాబును మార్చేదై ఉంటుందని ఒప్పుకుంటే, 8 పరీక్షలు చాలు. 32 బిట్లకైనా 64 బిట్లకైనా అవే 8. ఐదు వందల ఏళ్ళు ఎనిమిది పరీక్షలకు దిగిరావడానికి కారణం యంత్రం వేగం పెరగడం కాదు. ఎలాంటి తప్పు కోసం వెతుకుతున్నామో ముందే చెప్పుకోవడం. ఈ చెప్పుకోవడాన్నే ఫాల్ట్ మోడల్ అంటారు. 1959లో ఎల్‌డ్రెడ్ రాసిన పత్రం నుంచి ఎక్కువగా వాడుకలో ఉన్నది స్టక్-ఎట్ మోడల్. ఒక తీగ ఎప్పుడూ 0 దగ్గరో, ఎప్పుడూ 1 దగ్గరో బిగుసుకుపోయిందని ఊహించుకోవడం. 1966లో ఐబీఎంలో పనిచేసిన జె. పాల్ రాత్ అలాంటి ప్రతి తప్పుకూ పరీక్షను లెక్కకట్టి తీసే పద్ధతి ఇచ్చాడు. ముందు తప్పు ఉన్న చోట తేడా పుట్టించాలి, తర్వాత ఆ తేడా దారిలో అణగిపోకుండా బయటి పిన్ను దాకా నడిపించుకు రావాలి. ఈ రెండూ జరిగాక కూడా తేడా రాకపోతేనే 'ఈ తప్పు ఇక్కడ లేదు' అనడానికి అధికారం. కుండకు వెలుతురు, కన్ను ఎలాగో తీగకు ఈ రెండూ అలాగ.

రెడ్డి గారి 1972 పత్రం ఇక్కడి నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. ఏ లాజిక్ ఫంక్షన్‌నైనా యాండ్, ఎక్స్‌ఆర్ గేట్లతో ఒక ప్రత్యేకమైన తీరులో కట్టవచ్చు. అలా కడితే, ఇన్‌పుట్ తీగలు బాగున్నంతవరకు, ఎన్ ఇన్‌పుట్‌లున్న సర్క్యూట్‌లో ఏ ఒక్క స్టక్-ఎట్ తప్పునైనా పట్టుకోవడానికి ఎన్ ప్లస్ 4 పరీక్షలు సరిపోతాయని ఆయన నిరూపించారు. పది ఇన్‌పుట్‌లుంటే 1,024 బదులు 14. ఆ సర్క్యూట్ ఏ పని చేస్తుందన్నదానితో సంబంధం లేకుండా ఆ పరీక్షలే పనికొస్తాయి. ఇన్‌పుట్ తీగలను కూడా అనుమానిస్తే ఇంకెన్ని పరీక్షలు కలపాలో కూడా అదే పత్రంలో ఉంది. ఈ నిర్మాణాన్ని పరిశ్రమ ఉన్నదున్నట్టుగా పెద్దగా వాడుకోలేదు, ఎక్స్‌ఆర్ గేట్లకు చోటూ సమయమూ ఎక్కువ కావాలి. ఆ పత్రం విలువ అందులో లేదు. అప్పటివరకు పరీక్ష అంటే కట్టేసిన వస్తువు దగ్గరికి తర్వాత వెళ్ళి చేసే పని. ఇక్కడ కట్టే తీరే మారింది, పరీక్షకు లొంగేలా. దాదాపు అదే కాలంలో స్కాన్ పద్ధతి కూడా వచ్చింది. చిప్ లోపల బిట్లను నిలవ ఉంచే ఫ్లిప్‌ఫ్లాప్‌లన్నిటినీ పరీక్ష సమయంలో ఒక గొలుసుగా కలిపి, ఒక కొస నుంచి విలువలు లోపలికి తోసి, రెండో కొస నుంచి బయటికి లాగడం. 1977 నాటికి ఐబీఎం దాన్ని ఒక క్రమశిక్షణగా ప్రకటించింది, ఈనాడు పెద్ద డిజిటల్ చిప్ ఏదీ దాదాపుగా అది లేకుండా రాదు. ఈ గొలుసు వల్ల చిప్ ఒక్క లెక్క కూడా అదనంగా చేయదు. చోటు తింటుంది, వేగం కాస్త తగ్గిస్తుంది. తనను పరీక్షించనివ్వడం కోసం వస్తువు కట్టే పన్ను అది. దర్శనకారులు యోగ్యతను వస్తువు స్వభావంగా చూశారు: కుండకు ఉంది, పిశాచానికి లేదు, అంతటితో సరి. దాన్ని కల్పించవచ్చు, కల్పించకపోతే తయారీదారుడిని నిలదీయవచ్చు అన్న ఆలోచన నాకు తెలిసి వాళ్ళ పుస్తకాల్లో లేదు.

పిశాచం మాత్రం ఈ రంగాన్నీ వదల్లేదు. కొన్ని తప్పులు ఎన్ని విలువలు పెట్టినా బయటి పిన్నుల మీద ఏ తేడా చూపించవు. అవసరానికి మించిన గేట్లున్న చోట ఇలా జరుగుతుంది. వీటిని రిడండెంట్ తప్పులంటారు. ఒక తప్పుకు పరీక్ష దొరకలేదంటే అది నిజంగా కనబడని జాతిదా, మన వెతుకులాటే చాలలేదా అన్నది తేల్చడం చాలా కష్టమైన లెక్కల జాతికి చెందుతుందని 1975లో ఇబారా, సాహ్నీ చూపించారు. కనబడని తప్పు వల్ల నష్టమేముంది, పట్టించుకోవద్దు అనేవాళ్ళున్నారు. కానీ అది పక్కన ఉన్న మరో తప్పుకు చాటు కాగలదు. కనబడాల్సిన ఆ రెండో తప్పు కోసం రాసిన పరీక్ష దీని వల్ల చెల్లకుండా పోగలదు. కాబట్టి పరీక్ష తెలిసినవాడు కనబడని తప్పుల జాబితాను దాచడు, పట్టుబడిన తప్పుల లెక్కలో కలపడు. విడిగా రాస్తాడు. పదో శతాబ్దం చివరి ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఇదే గీత గీశాడు. దేవుడు కనబడడు కాబట్టి లేడన్న చార్వాకుడికి, కనబడే యోగ్యత లేనివాడి విషయంలో కనబడకపోవడం ఏమీ రుజువు చేయదని జవాబిచ్చాడు. కనబడనిదల్లా లేదనుకుంటే గడప దాటిన చార్వాకుడు ఇంట్లో పెళ్ళాం పిల్లల కోసం ఏడవాల్సిందే అని ఎకసెక్కం కూడా ఆడాడు. అయితే ఉదయనుడు అక్కడే ఆగిపోయి 'కాబట్టి ఉన్నాడు' అనలేదు. ఆ కవచం ఖండన నుంచి కాపాడుతుందే తప్ప దేన్నీ స్థాపించదని తెలిసి, ఈశ్వరుణ్ని స్థాపించడానికి వేరే హేతువులు పేర్చుకున్నాడు. మన భక్తి వాదాలూ నాస్తిక వాదాలూ చాలావరకు ఈ తేడా దగ్గరే జారిపడుతుంటాయి.

దీనికంతటికీ పెద్ద ఆక్షేపణ ఒకటుంది. పరీక్ష తప్పు ఉందని చూపగలదు, లేదని చూపలేదు అని కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ప్రోగ్రాముల గురించి అన్న మాట అందరికీ తెలుసు. తత్త్వవేత్త పాపర్ శాస్త్ర సిద్ధాంతాల గురించి చెప్పింది కూడా దానికి దగ్గరిదే. అలాంటప్పుడు యోగ్యానుపలబ్ధి అంటూ ఎన్ని మాటలు చెప్పినా 'లేదు' అన్నది భ్రమే కదా. హద్దు లేని తప్పుల విషయంలో ఈ ఆక్షేపణ నిజం. హద్దు గీసుకున్న తప్పుల విషయంలో నిజం కాదు. ఒక సర్క్యూట్‌లో తీగలు లెక్కపెట్టదగినన్నే, ఒక్కో తీగకు స్టక్-ఎట్ తప్పులు రెండే. వాటిలో ప్రతిదానికీ పరీక్ష పెట్టి, ప్రతిదానికీ సరైన జవాబు వస్తే, ఆ తప్పుల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా లేదన్నది సిద్ధాంతం, ఊహ కాదు. మిగిలినదానికి ఈ రంగం లెక్క చెబుతుంది. 1981లో విలియమ్స్, బ్రౌన్ ఇచ్చిన సూత్రం ప్రకారం, తయారైన చిప్‌లలో సగమే బాగుండి, పరీక్షలు 90 శాతం తప్పులను కవర్ చేస్తే, పరీక్ష నెగ్గిన లక్ష చిప్‌లలో సుమారు 6,700 చెడ్డవి దొర్లుతాయి. కవరేజ్ 99 శాతమైతే దాదాపు 690, 99.9 అయితే 69. కవరేజ్ నూటికి నూరు కానంతవరకు సున్నా రాదు, కానీ ఎంత అజ్ఞానంతో చిప్‌ను అమ్ముతున్నామో చెప్పగలం. 'దోషం లేదు' అన్న వాక్యం పక్కన 'ఏ దోషాల్లో, ఎంత శాతం' అని రాసే అలవాటు వేదాంత చర్చల్లోనూ లేదు, రాజకీయాల్లో అసలే లేదు.

ఇంకొంచెం లోతైన ఆక్షేపణ, హద్దు గీసింది నువ్వే కదా అన్నది. చిప్‌లో నిజంగా తెగేవి, అంటుకునేవి తీగలు. స్టక్-ఎట్ అన్నది కాగితం మీది బొమ్మ. బొమ్మలో తప్పు లేకపోతే వస్తువులో లేనట్టా? ఈ రంగం దీన్ని వాదంతో కాకుండా చరిత్రతో ఎదుర్కొంది. సీమాస్ సర్క్యూట్లలో ఒక ట్రాన్సిస్టర్ తెగితే గేటు పాత విలువను జ్ఞాపకం పెట్టుకుంటుందని, ఒక్క పరీక్షకు అది చిక్కదని 1978లో వాడ్‌సాక్ చూపించాడు. దానికి వెంటవెంటనే రెండు విలువలు పెట్టాలి. సర్క్యూట్‌లో మిగతా చోట్ల ఆలస్యాలు అటూఇటూ అయితే ఆ జంట పరీక్ష కూడా మోసపోతుంది. 1984లో రెడ్డి గారు, సహచరులు ఇలా మోసపోని పరీక్షల మీద పత్రం రాశారు. 1987లో లిన్‌తో కలిసి ఆలస్యపు తప్పుల మీద రాసిన పత్రంలోనూ ఆ పట్టే కనిపిస్తుంది. రోబస్ట్ పరీక్ష అంటే, సర్క్యూట్‌లో ఇంకెక్కడ ఎంత ఆలస్యమున్నా సరే, ఈ దారిలో ఆలస్యం ఉంటే పట్టించేది. సాక్ష్యం గురించి ఇంతకంటే కఠినమైన షరతు పెట్టుకోవడం నేనైతే ఎరగను. మనం రోజూ నమ్మే రుజువుల్లో చాలావరకు 'మిగతావన్నీ సరిగ్గా ఉంటే' అన్న ఊతకర్ర మీద నడుస్తాయి. ఈ కాఠిన్యానికి వెల కూడా ఉంది. పరిశోధకులు దశాబ్దాలుగా కొలమానంగా వాడుకునే సీ6288 అనే గుణకార సర్క్యూట్‌లో గేట్లు 2,406. అందులోని దారులు లక్ష కోట్ల కోట్లకు పైమాటే. అన్నిటినీ పరీక్షించలేం, రోబస్ట్ పరీక్షకు లొంగని దారులు అందులో చాలా ఉన్నాయి. మోడల్ మారిన ప్రతిసారీ పాత 'లేదు' అబద్ధం కాలేదు, అది అడిగిన ప్రశ్న చిన్నదని తేలింది.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టే ఆక్షేపణ మీమాంసకుల వైపు నుంచి వస్తుంది. పరీక్ష జవాబు సరైనదని ఎలా తెలుసు? డిజైన్‌తో పోల్చి. డిజైనే తప్పయితే? 1994లో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కాలేజీ గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల లెక్క చేస్తూ ఇంటెల్ పెంటియం కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని పట్టుకున్నాడు. లోపల ఉండాల్సిన ఒక పట్టికలో 5 గడులు ఖాళీగా ఉండిపోయాయి. అన్ని చిప్‌లలోనూ అవే 5. తయారీ పరీక్షకు ఇందులో చూడటానికేమీ లేదు, డిజైన్‌లో ఉన్నదే చిప్‌లోనూ ఉంది. చివరికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. వాక్యంలో దోషాలు వక్త నుంచే వస్తాయి, వేదానికి వక్తే లేడు కాబట్టి దోషానికి చోటు లేదు, జ్ఞానం తనంతట తానే ప్రమాణం, కాదని చూపేదాకా అంతే, అన్నారు కుమారిలుడి బాటలో నడిచిన భాట్టులు. పోల్చుకోవడానికి ఆధారం ఎక్కడో ఒకచోట పరీక్షకు అతీతంగా ఉండక తప్పదని వాళ్ళ పట్టు. లేకపోతే పరీక్షకు పరీక్ష, దానికి ఇంకో పరీక్ష, అనవస్థ. ఈ అనవస్థ చిప్ లోపలే కనబడుతుంది. తనను తాను పరీక్షించుకునే చిప్ తన వేల జవాబులను 16 బిట్ల ముద్రగా కుదించి చూసుకుంటుంది. తప్పు జవాబుల వరస కూడా అదృష్టం కొద్దీ అదే ముద్ర వేయడానికి అవకాశం దాదాపు 65,536లో ఒకటి. ముద్ర వేసే రిజిస్టరే చెడితే ఆ లెక్క కూడా పోతుంది.

నైయాయికుల జవాబు నాకు ఎక్కువ నచ్చుతుంది, పూర్తిగా కాకపోయినా. తెలుగువాడని సంప్రదాయం చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఆ జవాబు క్లుప్తంగా ఉంది. దూరాన నీళ్ళు కనబడ్డాయి, వెళ్ళాం, దాహం తీరింది, అప్పుడు ఆ చూపు సరైనదని తేలింది. ప్రమాణం బయటి నుంచి, పని నెరవేరడం నుంచి వస్తుంది. అనుమానం లేని చోట ఇంకా తవ్వక్కర్లేదు, వచ్చిన చోట తవ్వాలి. నైస్లీ చేసింది సరిగ్గా ఇదే. ఆయన దగ్గర ఇంటెల్ డిజైన్ కాగితాలు లేవు. ఒకే లెక్కను వేరే యంత్రం మీద చేసి, రెండు జవాబులూ కలవకపోవడం చూశాడు. ఆధారం అతీతంగా ఉండక్కర్లేదు, వేరుగా ఉంటే చాలు. డిజైన్‌ను గణితంగా నిరూపించే ఫార్మల్ వెరిఫికేషన్ మీద పెంటియం ఉదంతం తర్వాత పరిశ్రమ శ్రద్ధ బాగా పెరిగింది. అదైనా, ఏ నిర్దేశంతో పోల్చి నిరూపిస్తున్నామో ఆ నిర్దేశాన్ని ఎవరో ఒకరు రాయాల్సిందే. అందుకే నైయాయికులతో పూర్తిగా ఏకీభవించలేను. దాహం తీరడం నీటికి గుర్తే. భాగహారం తప్పయిన పెంటియంలు కొన్ని లక్షల మంది దాహం తీర్చాయి కదా.

ఈ వాదాన్ని మనుషులకూ మఠాలకూ వర్తింపజేయాలన్న తొందర సహజం. నేను కొంతవరకే వెళ్తాను. చిప్‌కు సరైన జవాబు ముందే రాసి ఉంటుంది, మనిషికి అలాంటి కాగితం లేదు. ఒకరి జీవితానికి ఫాల్ట్ కవరేజ్ లెక్కకట్టడం వెటకారమే అవుతుంది. అనుమానం శ్రద్ధను చంపుతుందన్న భయాన్ని మాత్రం ఒప్పుకోను. తయారీ పరీక్షలో ఏ చిప్ మీదా నింద ఉండదు, ప్రతి చిప్‌కూ అదే పరీక్ష. అడగనివ్వని గురువు, లెక్కలు చూపించని ధర్మకర్తల మండలి 'మా మీద ఇంతవరకు ఒక్క ఆరోపణా రుజువు కాలేదు' అంటే, అది చీకటి గదిలో కుండ కనబడకపోవడం లాంటిదే. వాళ్ళు దోషులని దాని వల్ల తేలదు. దోషం లేదన్న మాట అనే హక్కు వాళ్ళకు ఇంకా రాలేదని మాత్రం తేలుతుంది. ఆ హక్కు రావాలంటే గొలుసు వాళ్ళే కట్టించుకోవాలి, చోటూ వేగమూ కొంత పోయినా.

ఆ హక్కు ఒకసారి వస్తే ఉండిపోతుందా అన్నదానికి ఈమధ్య కొత్త సాక్ష్యం వచ్చింది. తయారీ పరీక్షలన్నీ నెగ్గి డేటా సెంటర్లలో పనిచేస్తున్న ప్రాసెసర్లలో కొన్ని, ఎప్పుడో ఒకప్పుడు, ఏ హెచ్చరికా లేకుండా తప్పు లెక్కలు ఇస్తున్నాయని 2021లో గూగుల్, ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) ఇంజనీర్లు విడివిడిగా రాశారు. కొన్ని వేల మెషిన్లకు అలాంటి కోర్లు కొన్ని ఉంటాయని గూగుల్ వాళ్ళ అంచనా. కొన్ని పుట్టుకతోనే అలా ఉండి పరీక్షకు చిక్కనివి, కొన్ని వాడకంలో అరిగి అలా అయినవి. దాంతో ఈ కంపెనీలు పనిలో ఉన్న మెషిన్లనే మళ్ళీ మళ్ళీ పరీక్షించే ఏర్పాట్లు మొదలుపెట్టాయి. వాటి దగ్గర ఇప్పుడు 'ఈ కోర్‌లో తప్పు లేదు' అన్న వాక్యం పక్కన మోడల్ పేరు, శాతంతో పాటు పరీక్ష జరిగిన తేదీ కూడా ఉండాలి.